ఎర్రన్న బాక్సులు మోయడు

ఎర్రన్నకి కారుంది. అయినా నెల్లిమర్ల పక్కనున్న సొంతూరికి ఎప్పుడొచ్చినా కారు కొత్తవలసలో ఆపేసి, అక్కణ్ణుంచి పాసింజరు రైలెక్కి వస్తాడు.

పదేళ్ల కిందట కొత్త బుల్లెట్ మీద నల్లకళ్లద్దాలు పెట్టుకుని పెద్దవీధిలోంచి వెళ్లాడు. తెల్లారేసరికి సీటు నిలువునా కోసేసి ఉంది. ఎవరు కోశారో ఊరందరికీ తెలుసు, ఒక్కరూ చెప్పలేదు. ఎస్సీ కాలనీలో డప్పు నూకయ్య కొడుక్కి బుల్లెట్టా! ఆరోజు నుంచి ఎవరడిగినా ఒకటే జవాబు: "స్టూడియోలో బాక్సులు మోస్తన్నాను బాబూ."

నిజానికి అతను సినిమా పాటలకి దరువులు కడతాడు. నలభై సినిమాలు చేశాడు. హైదరాబాదులోనూ అదే వరస. ఎవరైనా మెచ్చుకుంటే మ్యూజిక్ డైరెక్టర్‌ని చూపించి "అంతా సార్ ఐడియానే" అని వెనక్కి జరుగుతాడు. అలా జరిగితేనే మళ్లీ పిలుస్తారు. తెరమీద పేరు ఒక్కసారీ పడలేదు.

కన్నతండ్రికీ బాక్సులనే చెప్పాడు. ఆయన సంబరం ఆపుకోలేక నలుగురికీ చెప్పేస్తాడని భయం. రెండేళ్ల కిందట నూకయ్య ఆ అబద్ధంతోనే పోయాడు.

ఈ వేసవిలో ఒక పాట ఊరూరా మోగింది. తల్లి దాలమ్మ విని ఫోన్ చేసింది.

"ఒరే, ఇది మీ అయ్య అమ్మోరి ఘటాల ముందు కొట్టే దరువు కదరా! ఎవుడికిచ్చినావు?"

అప్పుడు నిజం చెప్పాడు. ఎవరితో అనొద్దని కూడా చెప్పాడు.

అమ్మవారి పండక్కి ఎర్రన్న ఊరొచ్చాడు. ఆరోజు డీజేలో ఆ పాట మోగింది. కమిటీ పెద్ద తిరుమలరావు మైకందుకున్నాడు.

"సూసినారా! సదువుకున్నోళ్లు కడితే దరువు ఇలాగుంటాది. మన డప్పోళ్లకి ఈ జన్మలో రాదు."

కుర్చీల్లో ఉన్నవాళ్లు నవ్వారు. దాలమ్మ లేచింది. పక్కనున్న ఎర్రన్న ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఒగ్గీమ్మా, పోనీ."

"నీది నువ్వు దాసుకో. మీ అయ్యది దాయడానికి నువ్వెవుడివిరా?"

ఎర్రన్న ఆమె చెయ్యి వదిలేశాడు. తిన్నగా మైకు దగ్గరికి నడిచాడు.

"ఆ దరువు మా అయ్య నూకయ్యది. పాటలో కొట్టింది నేను."

"నువ్వు బాక్సులు మోస్తావు కదరా?" అన్నాడు తిరుమలరావు.

"అబద్ధం సెప్పినాను. మీకు బయపడి."

"అలాగా! ఏదీ, డప్పు తెండిరా. కొట్టి సూపించు, నమ్ముతాం."

ఎవరో డప్పు తెచ్చి అతని కాళ్లముందు పెట్టారు. ఎర్రన్న ముట్టుకోలేదు.

"కొట్టమనగానే కొట్టడం మా అయ్యతో అయిపోనాది. నమ్మితే నమ్మండి, నేకపోతే మానీయండి."

మాట చివర ఎప్పుడూ వచ్చే 'బాబూ' ఈసారి రాలేదు.

ఇంటికి నడుస్తూ తల్లి మొహంలోకి చూశాడు.

"ఇప్పుడు నీ కడుపు సల్లబడిందేటమ్మా?"

దాలమ్మ ఆగిపోయింది.

"ఏటి సల్లబడ్డం? ఈ నోరు రెండేళ్ల కిందట ఏటైపోనాదిరా? ఆసుపత్రి మంచం మీద మీ అయ్య 'బరువులు మోస్తన్నాడు, మనోడి నడుం ఎలాగున్నాదే' అని రోజూ అడిగినాడు. అడుగుతానే పోనాడు!"