జాబితాలో లేని పార

"ఆ రోజుల్లో" అని మొదలుపెట్టేంత వయసు నీకెక్కడిదని మా ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నిజమే, ఇది జరిగి ఆరేళ్లే అయింది. కానీ మెకానికల్ డిప్లొమా పాసై, ఉద్యోగమింకా రాక, బాన్సువాడలో మా మేనమామ ఇంట్లో ఉంటూ, లోకంలో ఏ వస్తువునైనా కొలతలు తీసి బాగుచేయవచ్చని నమ్మిన ఆ కుర్రవాడు ఇప్పుడు నాకు దూరపు చుట్టంలా అనిపిస్తాడు. వాడి జేబులో ఎప్పుడూ మూడు వస్తువులుండేవి: టేపు, పెన్సిలు, చిన్న నోటుబుక్కు. (పెన్నుతో రాస్తే తప్పు దిద్దలేమని పెన్సిలు. తప్పు దిద్దాల్సిన అవసరం అప్పటిదాకా రాలేదు.)

మామకు ఒక పికప్ బండి ఉండేది. పొలాల బాటల్లో దిగబడకుండా ఉండాలని దాని నాలుగు చక్రాలకూ ఒక సైజు పెద్ద టైర్లు వేయించాడు. స్టెప్నీ కూడా అదే సైజుది కొన్నాడు. అది బండి కింద దానికని ఉన్న చోట పట్టక, వెనకాల సామాన్ల మధ్యే పడి ఉండేది. బండికి ఎక్కువ కిరాయిలు వంట చాచావి. పెళ్లిళ్లకూ, పెళ్లి తర్వాతి వలీమా విందులకూ బాన్సువాడలో బిర్యానీ వండి, దేగ్‌లనే పెద్ద పెద్ద వంటపాత్రల్లో ఊళ్లకు తీసుకెళ్లేవాడాయన. దారి పొడవునా ఆ స్టెప్నీ మీద నవాబులా కూర్చుని, దేగ్‌లకు కాపలా కాసేవాడు. చూసినవాళ్లకు అది ముచ్చటైన దృశ్యం. నాకు మాత్రం ఒక దేగ్ పట్టే చోటు వృథా అవుతున్న దృశ్యం. స్టెప్నీ స్థానం బండి కిందేనని ఒకరోజు అన్నం తింటూ ప్రకటించాను. "అక్కడనే పండనియ్యి అల్లుడూ. చాచా కూసుంటడు దాని మీద" అన్నాడు మామ. సాంకేతిక సమస్యకు అది జవాబే కాదని నాకు తోచింది. ఆ రాత్రే పద్నాలుగు అంశాల జాబితా రాశాను.

పని మెకానిక్ పానాల భాయ్ షెడ్డులో జరిగింది. (ఎప్పుడు చూసినా ఏదో ఒక పానా కోసం వెతుకుతుంటాడని ఆ పేరు.) సైలెన్సర్ గొట్టాన్ని రెండంగుళాలు పక్కకు జరిపించాను. గొలుసు పొడవు పెంచాను. ఒకవేళ గొలుసు తెగినా స్టెప్నీ జారి రోడ్డు మీద పడకూడదని, దాని వెనక అడ్డంగా ఒక ఇనుప పట్టీ వెల్డింగ్ చేయించాను. ఆ పట్టీ పూర్తిగా నా సొంత ఆలోచన. తొమ్మిదో అంశం ప్రకారం స్టెప్నీని మూడుసార్లు దించి, మూడుసార్లు ఎక్కించి చూశాను. మూడుసార్లూ వెన్నలో కత్తిలా దిగింది, ఎక్కింది. ఒక్కొక్కదానికి ఒక్కొక్క టిక్కు పెట్టాను. భాయ్ నా నోటుబుక్కు వైపు చూసి, "రాసుకున్నవ్ గద, ఇగ ఫికరేంది" అన్నాడు. అది మెచ్చుకోలే అనుకున్నాను. చాచా కూర్చోవడానికి ఒక ప్లాస్టిక్ స్టూలు తెచ్చి పెట్టాను. ఆయన దాన్ని వేలితో ఒకసారి కదిపి చూశాడు.

వారం తిరక్కుండానే మహమ్మద్ నగర్‌లో ఒక వలీమాకు కిరాయి వచ్చింది. ఎప్పుడూ మూడు దేగ్‌లు పట్టే బండిలో ఆ రోజు నాలుగు పట్టాయి. (ఆ సంగతి మామకు రెండుసార్లు గుర్తుచేశాను.) చాచా దేగ్‌ల మూతలు గోధుమపిండితో మూసి, పైన తడి గోనె పరిచి దమ్ పెట్టాడు. ఆ మూత మళ్లీ తెరవాల్సింది పెళ్లివారింట్లో, సరిగ్గా రెండు గంటలకు. నలభై ఏళ్లలో తన దేగ్ ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదనేది చాచాకున్న ఒకే ఒక్క గొప్ప. మిగతా విషయాల్లో ఆయన చాలా వినయశీలి.

కాలువ పక్క రోడ్డు మీద పోతుంటే వెనక ఎడమ చక్రం పంచరైంది. మామ బండిని మట్టి అంచుకు దించి నిలిపాడు. టైము పన్నెండు ముప్పావు. మామ ముఖం వాడిపోయింది, చాచా దువా చదవడం మొదలుపెట్టాడు. సంతోషంగా బండి దిగింది నేనొక్కణ్నే. నా పనితనం అందరూ చూసే రోజు వచ్చిందనుకున్నాను. గొలుసు వదిలాను. స్టెప్నీ జానెడు దిగి, నేలను తాకి ఆగింది. బయటికి లాగబోతే నా ఇనుప పట్టీ అడ్డం వచ్చింది. ఒక పక్క గాలిపోయిన చక్రం, పైన నాలుగు దేగ్‌ల బరువు, బండి బాగా కిందికి కుంగింది. జాకీ పెట్టి ఎత్తాం. అది పాత చక్రాలకని వచ్చిన జాకీ, పూర్తిగా ఎత్తినా నాలుగు వేళ్ల సందు తక్కువైంది. (నా పద్నాలుగు అంశాల్లో జాకీ అనే మాటే లేదు.) మామ వేరే బండికోసం ముగ్గురికి ఫోన్ చేశాడు. పెళ్లిళ్ల రోజు, ఎవరిదీ ఖాళీ లేదు. బరువు దించుదామంటే చాచా ఒప్పుకోలేదు. "దేగ్ కిందికి దిగిందంటే దమ్ పాయె" అన్నాడు, మూత మీద చెయ్యి తియ్యకుండా. అయినా వాటిని దించడానికి ఆరుగురు మనుషులు కావాలి. మేం ముగ్గురం.

పక్క పొలంలో యాసంగి నాట్లు పడుతున్నాయి. మడికి నీళ్లు మళ్లిస్తున్న ఒక అవ్వ మమ్మల్ని అప్పటికే చాలాసేపటినుంచి చూస్తున్నట్టుంది, పార భుజాన వేసుకుని గట్టెక్కి వచ్చింది.

"ఏందయ్యా, అప్పటిసంది బండి కింద ఏం దేవులాడుతున్నరు?"

స్టెప్నీ ఇరుక్కుందని మామ చెప్పాడు. ఎక్కించిందెవరని అడిగితే గడ్డంతో నన్ను చూపించాడు.

"ఎట్ల ఎక్కిచ్చినవ్ బిడ్డా?"

"షెడ్డుల గుంత ఉంటదవ్వా. బండిని గుంత మీద నిలబెట్టి, కిందికెల్లి ఎక్కిచ్చిన."

"మరి గుంతలకెల్లి ఎక్కిచ్చింది గుంతలకే దిగుతది గద. తవ్వు" అని పార నా చేతికిచ్చింది.

మామ నా వైపు చూడలేదు. ఆ సమయంలో ఆయన చేసిన పెద్ద ఉపకారం అదే. తిట్టినా భరించేవాణ్ని. మూడుసార్లు పెట్టిన మూడు టిక్కులూ గుంత మీదే పెట్టానని, రోడ్డు మీద గుంతలు మనకు కావలసినచోట ఉండవని, నాకు అప్పుడు తట్టింది. అయినా బుద్ధి మారదు కదా, టేపు తీసి మట్టి మీద గీతలు గీయడం మొదలుపెట్టాను. "కొలతలేంది బిడ్డా, బాయి తవ్వుతున్నవా?" అని అవ్వ పార లాక్కుని తానే నాలుగు దెబ్బలు వేసింది. తర్వాత నేను, నా తర్వాత తెల్ల చొక్కా చేతులు మడిచి మామ. పట్టీ కిందుగా ఏటవాలు గుంత తయారయ్యాక, స్టెప్నీ దానంతటదే జారి బయటికి వచ్చింది. అచ్చం షెడ్డులో వచ్చినట్టే.

చక్రం మార్చాక, పంచరైనదాన్ని కింద కట్టే ఓపికా తీరికా లేక దేగ్‌ల మధ్య ఎలాగో ఇరికించాం. చాచా స్టూలును కాలితో పక్కకు నెట్టి, చక్రం మీద కూర్చుని, కండువా సర్దుకున్నాడు. "గిప్పుడు మంచిగున్నది" అన్నాడు. రెండుకు పది నిమిషాలుండగా పెళ్లివారింటి ముందు ఆగాం. మూత చుట్టూ పిండి పగలగొట్టగానే ఆవిరి లేచింది. అప్పుడుగానీ చాచా దేగ్ మీదినుంచి చెయ్యి తియ్యలేదు.

తిరిగి వస్తూ ఆ చోట ఆగాం. ఎవరి బండీ పడకుండా అవ్వ గుంతలో ఒక కొమ్మ పాతి ఎర్ర గుడ్డ కట్టి ఉంచింది. చాచా బిర్యానీ పొట్లం ఇస్తే, ముందు గుంత పూడ్చమంది. నేను పూడ్చాను. ఆమె గట్టు మీద కూర్చుని, ఇంకొంచెం అదమమని చెబుతూ తిన్నది. ఆ సాయంత్రం మామ నా నోటుబుక్కు అడిగి తీసుకుని, వంకర అక్షరాలతో పదిహేనో అంశం రాశాడు: పార. మర్నాడే స్టెప్నీని మళ్లీ బండి కిందే కట్టించి, ఒక పార కొని సీటు వెనక పెట్టుకున్నాడు. ఆ తర్వాత ప్రతి కిరాయికీ బండెక్కేముందు, మళ్లీ పంచర్ ఎప్పుడవుతుందని చాచా ఆశగా అడిగేవాడట.

ఇప్పుడు నాది హైదరాబాదులో ఒక కార్ఖానాలో తనిఖీ ఉద్యోగం. ఎవరైనా "పరీక్షించాం సార్" అంటే, ఎక్కడ నిలబెట్టి పరీక్షించారని అడుగుతాను. ఎంత అనుభవం అని కొత్తవాళ్లు అనుకుంటారు. అవ్వ సంగతి నేను చెప్పను. మొన్న బాన్సువాడ వెళ్లినప్పుడు, ఆ పట్టీ కోయించేద్దాం మామా, పది నిమిషాల పని అన్నాను. "ఎందుకు, మంచిగనే ఉన్నది గద. నువ్వు చేసింది" అన్నాడు. సీటు వెనక పార తీసి చూశాను. అంచు సగం అరిగింది. కర్ర కొత్తది, అంటే పాతది విరిగిందన్నమాట. ఈ ఆరేళ్లలో నాకు తెలియకుండా ఏయే రోడ్ల పక్కన, ఎన్ని గుంతలు తవ్వి పూడ్చాడో లెక్క వేయాలనిపించింది. వేయలేదు. పారను మళ్లీ సీటు వెనక పెట్టేశాను.