తిరిగొచ్చిన మెయిల్, ఎల్బీనగర్ బస్సు

కుర్రతనంలో మనిషికి ఒక్క పుస్తకం దొరికితే చాలు, లోకమంతా తప్పుగా నడుస్తోందని తేలిపోతుంది. ఆ రోజుల్లో నాకు దొరికింది మెయిల్ సర్వర్ల నియమావళి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ల్యాబులో కొత్త ఉద్యోగం. పరీక్షల రిపోర్టులు డాక్టర్లకు పంపే సర్వరు నా ఏలుబడిలో ఉండేది. (ఏలుబడి అంటే మెట్ల కింద ఒక పెట్టె, దానికో ఫ్యాను.) అంతా నియమం ప్రకారమే నిలబెట్టానని నాకు మహా గర్వం. తోటివాళ్లు 'రూల్స్ బాబు' అని పేరు పెడితే, బిరుదనుకుని మురిసిపోయాను.

సరూర్‌నగర్‌లో నేను కిరాయికున్న ఇంటావిడను పెద్దమ్మ అనేవాణ్ని. ఆవిడ భర్త, మా పెద్దయ్యకు గొంతులో గడ్డ లేచింది. ముక్క తీసి పరీక్షకు మా ల్యాబుకే పంపారు. ఎల్బీనగర్ ఆసుపత్రి డాక్టరు సాయంత్రం ఊరెళ్తున్నాడు, ఆలోపు రిపోర్టు మెయిల్లో పంపితే చూసి ఆపరేషన్ సంగతి తేలుస్తానన్నాడు. పెద్దమ్మ పొద్దున్నే వచ్చి మా బెంచీ మీద కూర్చుంది. నేను పంపాను. తిరిగొచ్చింది. మళ్లీ పంపాను, మళ్లీ వచ్చింది.

కారణం చూసి నాకు ఒళ్లు మండింది. మెయిల్ తెచ్చిన సర్వరు ముందు నమస్కారం పెట్టి తన పేరు చెబుతుంది. ఆ పేరూ, ఇంటర్నెట్‌లో దానికుండే నంబరూ సరిపోలకపోయినా, అంతమాత్రాన మెయిల్‌ను కాదనకూడదని నియమం. లోకాచారం మాత్రం వేరు. ఆ నంబరు ఎవరిదని వెతికితే ఒక పేరు పలకాలి, లేదంటే గడప దగ్గరే గెంటేస్తారు. మా నంబరుకు ఎవరూ పేరే రాయించలేదు.

"ఏమైంది బిడ్డా, పోయిందా?"

"తప్పు వాళ్లది పెద్దమ్మా! అలా తిప్పి పంపకూడదని పుస్తకంలో రాసుంది."

"రాసుంటే రాసుండనియ్. పోయిందా, పోలేదా?"

నియమాలన్నీ ఉటంకిస్తూ ఆ ఆసుపత్రి సర్వరు చూసేవాళ్లకు ఘాటుగా ఒక ఫిర్యాదు రాశాను. మెయిల్ తిప్పి పంపడం తప్పని చెప్పే ఆ మెయిల్ కూడా తిరిగొచ్చింది.

మా పెట్టె ఎవరిదో తెలియక గడప దాటనివ్వడం లేదని చెబితే, పెద్దమ్మ లేచి వచ్చింది. "నువ్వు ఇల్లు అడగనీకి ఒచ్చిననాడు నేను నీ కాయితాలు చూసిన్నా? ఎవరోళ్లవని అడిగిన. మీ మేనమామ పేరు చెప్పినవ్, తాళం ఇచ్చిన. గీ డబ్బాకు గట్ల చెప్పెటోళ్లు ఎవ్వరు లేరా?"

మాకు ఆ నంబరిచ్చిన ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేశాను. మా నంబరుకు పేరు రాయిస్తారట, కానీ రేపటికి గానీ కాదట. నా ముఖం చూసి పెద్దమ్మకు జాలేసింది.

"గంత పరేషాన్ ఎందుకు బిడ్డా? గా రిపోర్టు కాయితం మీద తీసి ఇటియ్యి. ఎల్బీనగర్ ఎంత దూరమున్నది, బస్సెక్కి పోతా."

ప్రింటు తీయవచ్చన్న ముక్క అప్పటిదాకా నాకు తట్టలేదంటే నమ్మండి. సిగ్గుతో నేనూ బయల్దేరాను. డాక్టరు ఊరెళ్లక ముందే కాగితం ఆయన చేతిలో పడింది, తర్వాత ఆపరేషనూ అయింది, పెద్దయ్య కోలుకుని నా రాత్రిపూట పాటల మీద మళ్లీ విసుక్కున్నాడు.

కానీ నాకు ఇప్పటికీ గుర్తుండేది ఆ బస్సే. కిటికీ పక్కన కూర్చుని కాగితాన్ని ఒళ్లో అదుముకుని పెద్దమ్మ నెమ్మదిగా అడిగింది, "పెద్దయ్య మంచిగైతడు గదా బిడ్డా?" ఆ రిపోర్టులో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పుస్తకంలో ఆధారం లేనిదే నోరు విప్పని నేను, "అవుతాడు పెద్దమ్మా, ఏం కాదు" అనేశాను. ఆవిడ నమ్మింది. నా చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుంది. ఆ రూల్స్ బాబును తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆ ఒక్క మాటకు మాత్రం వాణ్ని దగ్గరకు తీసుకోవాలనిపిస్తుంది.