పువ్వు గుర్తు చాకు

మా చిన్నప్పుడు... సంత ముందు రోజు నాన్న చాకుల పెట్టె విప్పేవారు. గుమ్మలక్ష్మీపురంలో మాది ఇనప సామాను కొట్టు. మేకులు, గొళ్ళేలు, కొడవళ్ళు, పారలు... ఎన్ని ఉన్నా నా కళ్ళు మాత్రం ఆ మడతచాకుల మీదే. చవక రకం. తెల్లటి కర్ర పిడి, అందులోకి మడిచి పెట్టుకునే అలుగు... అంతే.

నాన్న వాటిని వచ్చినవి వచ్చినట్టు అమ్మేవారు కాదు. పిడికి గరుకు కాగితం పట్టి, ఆముదం రాసి, చివర కన్నం పెట్టి తాడు కట్టేవారు. అడిగినవాళ్ళకి ఎర్రగా కాల్చిన మేకుతో పిడి మీద గుర్తు వేసేవారు... ఒకరికి చేప, ఒకరికి చుక్క, ఒకరికి ఇంటిపేరు మొదటి అక్షరం. అడవిలో విస్తళ్ళు కుట్టే అడ్డాకుల తీగలు కోసే చోట అందరి చాకులూ ఒక్కలాగే ఉంటే ఎవరిది ఎవరిదో తెలియాలి కదా.

నన్ను మాత్రం ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆడపిల్లవని కాదే, ఆత్రగత్తెవని... అనేవారు. నిజమే మరి.

నాకప్పుడు పదేళ్ళు. ఆయన భోజనానికి లేచిన సందులో ఒక చాకు తీశాను. మేకు కాల్చి, పిడి మీద ఐదు రేకుల పువ్వు వేశాను. అక్కడితో ఆగి ఉంటే ఇవాళ ఈ పోస్టు రాసేదాన్ని కాదు.

అలుగు తెరుద్దామంటే బిర్రుగా ఉంది, గోరు విరిగింది. పిడి లోపల సన్నటి ఇనప బద్ద ఒకటి ఉంటుంది. తెరిచిన అలుగు మళ్ళీ మడవకుండా పట్టి ఉంచేది అదే. నేను దాన్ని ఆకురాయితో అరగదీశాను. ఇక బొటనవేలితో ఇలా అంటే చాలు, తెరుచుకుంది... ఎంత మురిసిపోయానో! ఇట్టే తెరుచుకునేది ఇట్టే మూసుకుంటుందని నా బుర్రకి తట్టలేదు. నాన్న చెప్పుల చప్పుడు వినగానే పెట్టెలో పడేసి లేచిపోయాను.

మర్నాడు సంతకి సుక్కమ్మ వచ్చింది. కొండ మీది ఊరి నుంచి పసుపు, అల్లం తెచ్చే సవర ముసలావిడ. ఎప్పుడొచ్చినా మా అరుగు మీద గంప దించి మంచినీళ్ళు తాగేది. చాకు కావాలంటే నాన్న పెట్టె ముందుకు జరిపారు. అన్నీ కెలికి, కెలికి... పువ్వున్నదే తీసింది.

"ఇదెవులు ఏసినారు? బాగుంది" అంది.

సంత హడావిడిలో నాన్న వినిపించుకోలేదు. చెబితే వీపు విమానం మోతే. ఊరుకున్నాను. ఆవిడ చాకుని కొంగున ముడేసుకుని కొండదారి పట్టింది.

ఆ సాయంత్రమే ఎవరో ముసలాయన తన పాత చాకు తెచ్చి నాన్నకి చూపించాడు. లోపల బద్ద అరిగిపోయింది, ఇక వాడకు, గట్టిగా నొక్కావంటే అలుగు తిరిగి నీ వేళ్ళ మీదే పడుతుంది... అన్నారు నాన్న. మామూలుగానే అన్నారు. నేను అరగదీసిందీ ఆ బద్దనే.

ఆ వారం ఎలా గడిచిందో చెప్పలేను. అన్నం కలుపుతూ నా వేళ్ళే చూసుకునేదాన్ని. సుక్కమ్మ ఇంట్లో చంటి మనవడున్నాడు... వాడి చేతికి దొరికితే? కొండ దిగి ఎవరొచ్చినా ముందు వాళ్ళ చేతుల వంకే చూసేదాన్ని. తర్వాతి సంతకి సుక్కమ్మ రాలేదు. వానలకి గెడ్డ పొంగింది, పై ఊళ్ళ వాళ్ళెవరూ దిగలేదన్నారు. నేను నమ్మలేదు. నా వల్లే రాలేదనుకున్నాను. ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది. అమ్మ దిష్టి తీసింది... దిష్టి కాదమ్మా, చాకు అని చెప్పడానికి నోరు రాలేదు.

ఆ పై సంతకి వచ్చింది సుక్కమ్మ. కుడిచేతి వేళ్ళు రెండిటికి పసుపు గుడ్డ చుట్టి ఉంది.

గంప దించి, చాకు తీసి అరుగు మీద పెట్టింది. మావైపు కత్తిని చేతికివ్వరు, తగువొస్తుందని కింద పెడతారు. ఆ చాకు ఇక మడిచేది కాదు... అలుగు తెరిచి, పిడికీ దానికీ కలిపి ఇనప తీగ బిగించి చుట్టేసి తెచ్చింది.

"పువ్వు సూసి కొన్నాను బాబూ... కరిసేసింది" అంది.

నాన్న తీగ సందులోంచి లోపలికి చూశారు. ఆకురాయి గీతలు ఆయనకి తెలియవా... తలెత్తి నా వంక చూశారు. తప్పు మా కొట్టుదేనని ఆవిడతో చెప్పి, కొత్త చాకు తీసి అరుగు మీద పెట్టారు.

అప్పటికి నా నోరు పెగిలింది.

"నేనే అరగదీసినాను మామ్మా..."

సుక్కమ్మ నెమ్మదిగా గుడ్డ విప్పి ఆ చెయ్యి నా ముందు పెట్టింది. చూపుడువేలి మీద గాటు మానుతోంది. నడిమివేలు మాత్రం... వంచబోతే సగంలో ఆగిపోయింది.

"సూడు గుంటా. బాగా సూడు. ఆనక ఆకురాయి ముట్టుకుందువు గాని."

కొత్త చాకు తీసుకోలేదు. పువ్వున్నదే మళ్ళీ తీసుకుని వెళ్ళిపోయింది.

నాన్న కొట్టలేదు. కొట్టి ఉంటే రెండు రోజుల్లో మరిచిపోయేదాన్ని. అమ్మే ముందు ప్రతి చాకునీ తెరిచి, మొద్దు మీద నొక్కి చూసే పని నాకే అప్పగించారు. సుక్కమ్మ వేలు మళ్ళీ పూర్తిగా ముడుచుకోలేదు. ప్రతి సంతకీ మా అరుగు మీద ఆ వేలు చాచుకునే గ్లాసు పట్టుకునేది... నేనే నీళ్ళిచ్చేదాన్ని.

ఇప్పుడు చాకులు ఫోన్లో ఆర్డరు పెడితే అట్టపెట్టెలో గుమ్మంలోకి వస్తున్నాయి. రంగురంగుల పిడులు, బాగానే ఉంటున్నాయి. నేను మాత్రం కొత్తది ఏది వచ్చినా వేళ్ళు తప్పించి మూడుసార్లు నొక్కి చూస్తాను. మా పిల్లలు నవ్వుతారు. చేసినవాళ్ళు ఎవరో, వాడేవాళ్ళు ఎవరో... ఒకరి చేతులు ఒకరు చూసుకునే వీలే లేదిప్పుడు.

మీ చేతి తప్పుని మోసుకుని ఎవరైనా మళ్ళీ మీ అరుగు దగ్గరికే వచ్చారా ఎప్పుడైనా? ఉంటే చెప్పండి... సుక్కమ్మ గుడ్డ విప్పినట్టు, నెమ్మదిగానే.