నలభై రెండు అంగుళాల చువ్వ

మా నాయిన పోయిన తర్వాత ఆయన భర్మారు తుపాకీ ఆరేళ్లు అటక మీదే ఉండిపోయింది. భర్మారు అంటే గొట్టం నోట్లో నుంచి మందు పోసి, కొబ్బరి పీచు కుక్కి, దాని మీద సీసపు గుండు వేసి, చువ్వతో దట్టించి పేల్చే పాతకాలపు తుపాకీ. పంట కాపలా కోసం ఇచ్చిన లైసెన్సు అన్న పేరు మీదికి మారింది. తుపాకీని మాత్రం ఎవరూ కిందికి దించలేదు.

ఉప్పల్ నుంచి నాగోల్ పోయే దారిలో, మూసీ వైపు మాకు రెండెకరాల చేను ఉండేది. ఆ ఏడు అన్న పల్లి వేశాడు. కాయ ఊరే వేళకు అడవిపందులు దిగాయి. మూసీ ఒడ్డు పొదల్లో నుంచి వచ్చి, ముట్టెలతో నేలను దున్నినట్టు పెకిలించి, తెల్లారేసరికి మళ్లీ పొదల్లోకి పోయేవి. ఒక ఆదివారం నేను చేనంతా తిరిగి లెక్కపెట్టాను. వారంలో ముప్పై నాలుగు సాళ్లు పోయాయి. ఇలాగే సాగితే పీకే రోజుకు చేనిలో ఆకులు కూడా మిగలవని అన్నకు చెప్పాను. అన్నకు ఆ చేను తప్ప వేరే బతుకు లేదు.

"నువ్వు లెక్కబెడితే పందులు ఆగుతయారా తమ్మీ?" అన్నాడు అన్న. "పద, నాయిన తుపాకీ దించుదాం."

నేనప్పటికి నాచారంలో ఒక కార్ఖానాలో స్టోరు చూసేవాణ్ణి. ఏడో తరగతి దాటలేదు. లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. చిరిగిన పాత పుస్తకాలు, పంచాంగం వెనక పేజీలు, టర్నర్ల దగ్గర అడిగి తెలుసుకున్న భిన్నాలు, ఇవే నా చదువు. అంగుళాలు పోయి సెంటీమీటర్లు వచ్చిన రోజుల్లో ఇంజినీర్లు కూడా చీటీ పంపి నన్ను అడిగేవారు. అందరూ లెక్కల సారు అనేవారు. ఆ పిలుపు నాకు ఇష్టం. ఎంత ఇష్టమో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

తుపాకీ గొట్టం లోపల తుప్పు పట్టింది. టోపీ, అంటే దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న రేకు మూత, పెట్టే మొన అరిగి వదులైంది. మొనకు ఉన్న కన్నంలో నుంచి నిప్పు లోపలికి పోయి మందు అంటుకోవాలి. మొన తీసేసి, గొట్టంలో బూడిద కలిపిన వేడినీళ్లు పోశాం. ముందు నల్లగా, తర్వాత ఎర్రగా, చివరికి తేటగా కారాయి. లోపల పాత మందు లేదని అలా తెలిసింది. చింతపండు నీళ్లు పోసి ఒక పూట ఉంచి, కిరసనాయిలులో ముంచిన గుడ్డపేలికలతో తుడిచాం. పదిహేడో పేలికకు తుప్పు అంటడం ఆగింది. అన్న గొట్టం నోట్లోకి ఎండ పడేలా పట్టి ఒక కన్ను మూసి చూశాడు. "అద్దం లెక్క ఉన్నది" అని మా వదినను పిలిచి ఆమెకూ చూపించాడు.

నాయిన వెదురు చువ్వ మాత్రం పురుగు తిని పిండి పిండిగా రాలింది. ఆ చువ్వ దట్టించడానికే కాదు, కొలతకు కూడా. నాయిన పద్ధతి మా ఇద్దరికీ తెలుసు. ఖాళీ గొట్టంలో చువ్వ దించితే దాని తల సరిగ్గా గొట్టం నోటికి సమానంగా ఉండాలి. మందు పోసి పీచు కుక్కాక చువ్వ నాలుగు వేళ్లు బయటికి నిలవాలి. మూడు వేళ్లు మందు, ఒక వేలు పీచు. అంతకన్నా తక్కువైతే దెబ్బకు బలం ఉండదు, ఎక్కువైతే గొట్టం పగులుతుంది.

అన్న తుపాకీని లాలాపేట కమ్మరి దగ్గరికి తీసుకుపోయాడు, కొత్త మొన వేయించడానికి. ఆయన నాయినకు దోస్తు, పాత తుపాకుల పని తెలిసినవాడు. అన్న పోయేటప్పుడు నాతో, "కొత్త చువ్వ మీ కార్ఖానాల జేయించు. జర పొడుగ్గనే తేరా, గొట్టంల దించి నోటి కాడ కోసుకుందాం" అన్నాడు.

నాకు ఆ మాట నచ్చలేదు. లైసెన్సు పుస్తకంలో గొట్టం పొడవు నలభై రెండు అంగుళాలని రాసి ఉంది. పొడవు తెలిసినప్పుడు దించి చూసి కోయడం ఏమిటి? కార్ఖానాలో ఇనుప చువ్వ ఒకటి తీసుకుని, నలభై రెండు అంగుళాలకు గీత గీసి, టర్నరు చేత కోయించాను. అన్న నాలుగు వేళ్లు అంతకు ముందే కొలిచాను, మూడు అంగుళాలు. చువ్వ తల నుంచి మూడు అంగుళాల కింద ఆకురాయితో గాటు పెట్టాను. ఇక వేళ్లు అడ్డం పెట్టే పని లేదు. గాటు గొట్టం నోటి దగ్గరికి వచ్చిందంటే మందు సరిపోయినట్టే. మెరుగు పెట్టించి, గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చాను.

మర్నాడు తెల్లవారుజామున చేనికి పోయాం. పందులు కంచెలో ఒకే సందు గుండా బయటికి పోతున్నాయని అడుగులు చూసి కనిపెట్టాం. ఆ సందుకు ఇరవై అడుగుల దూరంలో గట్టు వెనక కూర్చున్నాం. మందు పోసే పని నాది.

"ముందుగాల ఉత్త గొట్టంల ఒకపారి దించి సూడరాదురా" అన్నాడు అన్న మెల్లగా.

"లెక్క జూసి కోసిన అన్నా."

"ఓయమ్మ, గొప్పోనివి! సూస్తే ఏం పోతది?"

"నలభై రెండంటే నలభై రెండే. ఇనుము అబద్ధం జెప్పదు."

అన్న నవ్వి కంచె సందు వైపు తిరిగాడు. నేను మందు పోసి, పీచు కుక్కి, దట్టించాను. గాటు నోటి దగ్గరికి వచ్చాక గుండు వేశాను. మందు దాచే కొమ్ముబుర్రలో అది నేను అనుకున్నంత తగ్గలేదు.

"గింతేనా? నాయిన మస్తు వోసేటోడు" అన్నాడు అన్న.

"నాయినది అందాజ. నాది కొలత."

ఆ మాట నేనే అన్నాను. ఏ గొంతుతో అన్నానో కూడా నాకు గుర్తుంది.

వెలుగు పడుతుండగా పంది సందు దగ్గరికి వచ్చింది. పెద్ద మగపంది, వీపంతా ఎండిన బురద. అన్న గురి తప్పలేదు. కానీ వచ్చిన చప్పుడు తుపాకీ చప్పుడు కాదు, తలుపు వేసినట్టుంది. గుండు భుజం మీద తగిలి బురద పెళ్ల రాలింది. పంది ఒక్కసారి చుట్టూ తిరిగి, పొదల వైపు కాకుండా పొగ లేచిన వైపు వచ్చింది. అన్న తుపాకీ వదిలి లేచేలోపే పడగొట్టింది. కోర మోకాలి పైన దిగి కిందికి చీల్చుకుంటూ పోయింది. నేను గట్టు మీద నుంచి రాళ్లు విసిరాను. ఎన్ని విసిరానో నాకు తెలియదు. నా జీవితంలో నేను లెక్కపెట్టనివి అవే.

పక్క చేను వాళ్ల ఎడ్లబండి మీద దవాఖానాకు తీసుకుపోయాం. ప్రాణం దక్కింది. మోకాలు మళ్లీ వంగలేదు. ఆ పల్లి చేను పందులే పీకాయి. మరుసటి ఏడు అన్న నాగలి పట్టలేక చేనును పాలుకు ఇచ్చాడు.

మందు ఎందుకు సరిగ్గా పేలలేదన్న ప్రశ్నకు ఇంటికి వచ్చినవాళ్లే జవాబు చెప్పారు. కమ్మరి వేసిన మొన వదులుగా ఉండి ఉంటుంది, బలమంతా ఆ సందులో నుంచి పోయి ఉంటుంది అన్నారు. అన్న నమ్మాడు. నాకూ అదే నిజమనిపించింది.

నెల తర్వాత ఆ మాట చెవిన పడి కమ్మరి తనే మా ఇంటికి వచ్చాడు. అన్న లోపల మంచం మీద ఉన్నాడు. వాకిట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. ఆయన అడిగితే తుపాకీ, చువ్వ తెచ్చి ఇచ్చాను. మొన పట్టి గుంజి చూపించాడు, అది కదల్లేదు. తర్వాత పానాతో గొట్టం వెనక భాగాన్ని తిప్పి, దాన్ని మూసే మరను బయటికి తీశాడు. బొటనవేలంత లావున్న ఇనుప మర. దాని పొడవు అంగుళంన్నర.

ఆయన ఇంకేమీ చెప్పకముందే నా తలలో లెక్క జరిగిపోయింది. లైసెన్సులో ఉన్నది గొట్టం బయటి పొడవు. లోపల అంగుళంన్నర ఈ మర నిండి ఉంది. అంటే లోతు నలభైన్నరే. నా చువ్వ ఖాళీ గొట్టంలోనే రెండు వేళ్లు బయటికి ఉండేది. నాలుగు వేళ్లనుకున్నది రెండు వేళ్లు. అందులో ఒక వేలు పీచు. మూడు వేళ్ల మందు పోయాల్సిన చోట నేను పోసింది ఒక్క వేలు. ఒక్కసారి దించి చూస్తే తెలిసేది. అన్న రెండుసార్లు చెప్పాడు.

కమ్మరి చువ్వను గొట్టం పక్కన పెట్టి చూసి, తల ఎత్తి అడిగాడు.

"బిడ్డా, ఈ చువ్వ ఎవరు గోసిన్రు?"

"ఏమో. అన్ననే ఎక్కడో తెచ్చిండు" అన్నాను.

ఆయన చువ్వ మీది గాటును వేలితో తడిమి నా ముఖం చూశాడు. ఈలోగా గొంతు విని అన్న లోపల నుంచి అరిచాడు. "ఎవరు? ఆ కమ్మరోడా? నా కాలు దిని ఇంకేం దినొచ్చిండు? ఎల్లగొట్టు!" కమ్మరి మరను మళ్లీ బిగించి, చేతులు పంచెకు తుడుచుకుని వెళ్లిపోయాడు. ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేను బతికిపోయేవాణ్ణి.

తుపాకీని ఠాణాలో అప్పగించాం. చువ్వను నేనే ముక్కలు చేయించి కార్ఖానా తుక్కులో కలిపాను. అన్నకు మా కార్ఖానా గేటు దగ్గర కాపలా పని ఇప్పించాను. చాచిన కాలుతో స్టూలు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లకు తన కథ చెప్పేవాడు. "మా తమ్మునిది బరాబరి లెక్కనాయె. ఆ కమ్మరోడు ముంచిండు" అని ముగించేవాడు. ఆ మాట వినకుండా లోపలికి పోవడానికి నేను ముందుగా రావడం మొదలుపెట్టాను.

మూడేళ్లకు కార్ఖానాలో కొలిమి విభాగం పెరిగింది. ఒక పొద్దున గేటు దగ్గర కేకలు వినిపించి బయటికి వచ్చాను. లాలాపేట కమ్మరి సైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముసలివాడయ్యాడు. లాలాపేటలో కొలిమి నడవడం లేదట, పని అడగడానికి వచ్చాడు. అన్న కర్ర అడ్డం పెట్టి, "సూడరా తమ్మీ, ఎవలొచ్చిన్రో! ఎంత సిగ్గులేనోడో సూడు" అన్నాడు.

కమ్మరి అన్నను చూడలేదు. నన్నే చూశాడు. కోపంగా కాదు, ఇప్పుడైనా ఏమంటానో అని ఆగి చూస్తున్నట్టు. ఆ పొద్దునే నా బల్ల మీదికి కాగితం వచ్చింది, కొలిమికి ఇద్దరు కావాలని.

"ఖాళీలు లేవు" అన్నాను.

"మంచిగ జెప్పినవ్" అన్నాడు అన్న.

కమ్మరి సైకిల్ తిప్పుకుని, ఎక్కకుండా నడిపించుకుంటూ లాలాపేట వైపు పోయాడు. అన్న గేటు వేశాడు. నేను లోపలికి పోయి ఆ కాగితాన్ని మేనేజరుకు పంపాను. వారంలో ఇద్దరూ చేరారు.