కోడిని కోయకుండా దింపిన బోటు

2022 జూన్. రాజోలు దాటి ఇంకా ముందుకి వెళ్తే, గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక చిన్న రేవు. రెండు నెలల వేట నిషేధం ఆ రోజుతో ముగుస్తోంది. ఇద్దరు అన్నదమ్ముల కొత్త ఫైబర్ బోటుకి ఇంజన్ బిగించాను, దాన్ని నీళ్లలో నడిపి చూపించడం ఒక్కటే మిగిలింది. బోటు ఇంజన్ల పని నేను ఇరవై ఏళ్లకు పైగా చేస్తున్నాను. ఇన్నేళ్లలో ఇంజన్లు నన్ను విసిగించింది తక్కువ, మనుషులు విసిగించిందే ఎక్కువ.

పని సంగతి కొంచెం చెప్పాలి. ఇంజన్ నుంచి నీళ్లలోని ఫ్యానుకి వెళ్లే ఇనుప కడ్డీని షాఫ్ట్ అంటాం. అది బోటు లోంచి బయటికి వెళ్లే చోట నీళ్లు లోపలికి రాకుండా బిగించేది గ్లాండ్. ఒడ్డు మీద ఎంత సరిగా బిగించినా బోటు తేలాక షాఫ్ట్ కాస్త జరుగుతుంది. అందుకని నీళ్లలో నడిపి మళ్లీ సరిచేయాలి. దాన్నే ట్రయల్ అంటాం. నేను గ్లాండ్ దగ్గర వంగి కూర్చుంటే ఒకరు వెనక చుక్కాని పట్టాలి, ఇంకొకరు అణియం మీద, అంటే బోటు ముందు కొస మీద కూర్చుని ఇసుక మేటలు చూసి చెప్పాలి. అన్న నాగరాజుది చుక్కాని, తమ్ముడు శ్రీనుది అణియం. పాత బోటులోనూ వాళ్లకి అంతే అలవాటు.

బోటుని ఒడ్డుకి బాగా పైన కట్టారు. పున్నమికీ అమావాస్యకీ వచ్చే పెద్ద పోటుకి తప్ప అక్కడిదాకా నీళ్లు రావు. ఆ రోజు పున్నమి. ఆ పూట తప్పితే మళ్లీ అమావాస్య దాకా ఆగాలి, ఈలోపు రేవులో అందరూ వేటకి పోతారు. ఇదంతా నాకన్నా వాళ్లకే బాగా తెలుసు. అయినా పొద్దున్న ఎనిమిదింటికి నేను వెళ్లేసరికి నాగరాజు చేతిలో కోడిపుంజు ఉంది, అతనికీ బోటుకీ మధ్య చేతులు కట్టుకుని శ్రీను నిలబడి ఉన్నాడు.

కొత్త బోటు నీళ్లు తాకేముందు గంగమ్మకి కోడిని కోసి, ఆ నెత్తురు అణియానికి పూయడం అక్కడ వేటకి వెళ్లేవాళ్లలో మామూలు. శ్రీను అంతకు ఏడాది ముందే బాప్తిస్మం తీసుకున్నాడు.

"నెత్తురు పూస్తే నేనీ బోటెక్కనండి మేస్త్రిగారూ," అన్నాడు నాతో.

"పూయకపోతే నేను దింపనండి," అన్నాడు నాగరాజు.

మాది తాతగారి కాలం నుంచీ క్రైస్తవ కుటుంబమే. అందుకని శ్రీను నావైపు ఆశగా చూశాడు. ఒకపక్క పోటు ఎక్కుతోంది, నాకు ఒళ్లు మండింది.

"విగ్రహం ఉత్తిదేనని నమ్మేవాడివి. దాని పేరు చెప్పి కోసిన కోడంటే నీకెందుకయ్యా భయం?"

"భయం కాదండి. ఆ బోటెక్కితే నేనూ ఒప్పుకున్నట్టే గదండి. అందరి కోసం ఆయన ఒక్కసారే బలైపోయేడు. మళ్లీ ఈ కోడేంటండి?"

నేను నమ్మేదీ అదే. అన్న వైపు తిరిగి, "మీరైనా వదిలెయ్యండి నాగరాజుగారూ, ఒక్క కోడి కోసం ఇంత గొడవా?" అన్నాను.

"ఆయ్, ఒక్క కోడేనండి. మా నాన్న బోటు దింపినప్పుడు తొందరలో ఇవ్వలేదండి. ఆ ఏడే ఈ మొగలోనే కెరటమొచ్చి అణియం మీంచి ఆయన్ని పట్టుకుపోయింది. తల్లికి ఇవ్వాల్సింది ఇవ్వకపోతే ముందు కూచున్నోణ్ణి తీసుకుంటదండి."

కోడి సంగతి తరవాత, ముందు నువ్వు ప్రార్థన చేసుకో అని శ్రీనుకి చెప్పాను. అతను కళ్లు మూసుకుని, "ప్రభువా, నీ రక్తంతో ఈ బోటుని కడుగు," అన్నాడు.

"నీదీ రక్తమే కదరా," అన్నాడు నాగరాజు.

మళ్లీ మొదలైంది. అరగంట గడిచింది. నీళ్లు బోటు కిందికి వచ్చేశాయి. నేను స్పానర్లన్నీ సంచిలో పడేసి, "మీరూ మీరూ తేల్చుకుని అమావాస్యకి కబురు పెట్టండి," అని మోటారుసైకిల్ వైపు నడిచాను.

అప్పుడు నాగరాజు కోడి కాళ్లకి కట్టిన తాడు విప్పేశాడు. అది కొబ్బరిచెట్ల మధ్యకి పరిగెత్తింది.

"రండి మేస్త్రిగారూ, దింపేద్దాం," అన్నాడు. బోటు ఎక్కుతూ తమ్ముడితో, "ఇయ్యాల చుక్కాని నువ్వు పట్రా. ముందు నేనుంటాను," అన్నాడు.

ఎన్నాళ్లనుంచో ఆ చుక్కాని కోసం చూస్తున్న శ్రీను ముఖం వెలిగిపోయింది. నేనూ హమ్మయ్య అనుకుని గ్లాండ్ దగ్గర కూర్చున్నాను. మొగ దగ్గరికి వచ్చేసరికి బోటు ఎగిరెగిరి పడటం మొదలుపెట్టింది. ముందు నుంచి మేటల సంగతి ఒక్క మాటా వినపడదు. చిరాకుగా తలెత్తి చూశాను. నాగరాజు రెండు చేతులా అణియం పట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చుని ఉన్నాడు. అప్పటికి గాని నా మట్టిబుర్రకి అర్థం కాలేదు.

పాకుతూ వెళ్లి, "ఏం కాదండీ, వెనక్కి రండి," అన్నాను.

"వాడికి పిల్లలు చిన్నోళ్లండి," అన్నాడు కళ్లు తెరవకుండానే. "తీసుకుంటే నన్నే తీసుకోమని మొక్కుకున్నాను."

నేను వెనక్కి రాగానే శ్రీను హుషారుగా, "చూసేరా మేస్త్రిగారూ, ప్రార్థనకి అన్నయ్య మనసు మారింది," అన్నాడు. అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు.

"నీ మొహం. ఆ చోటు మనుషుల్ని తీసుకుంటుందని ఆయన నిజంగా నమ్ముతున్నాడు. నమ్మే, నీ బదులు వెళ్లి కూర్చున్నాడు. చూసుకో," అని అరిచాను.

శ్రీను చుక్కాని నా చేతిలో పెట్టి వెళ్లిపోయి, అన్న పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. నాకు ఇంజన్ విప్పడం వచ్చు గాని బోటు నడపడం రాదు. ఒరేయ్ శ్రీనూ అని ఎంత పిలిచినా ఇద్దరిలో ఒక్కరూ వెనక్కి తిరగలేదు. ఇంజన్ తగ్గించి, నానా అవస్థా పడి బోటుని ఒడ్డుకి తిప్పుకొచ్చాను. గ్లాండ్ కాస్త బిగిస్తే సరిపోయింది.

కోడి అక్కర్లేదనే ఇప్పటికీ నమ్ముతాను. కానీ మా చర్చిలో ఆదివారం పిల్లలకి పాఠం చెప్పే వంతు నాకు వస్తే, బలి అంటే ఏమిటో చెప్పడానికి నాగరాజు సంగతే చెబుతాను. పాస్టరుగారికి అది నచ్చదు.

"ఆయన విగ్రహారాధికుడు కదండీ, మీకు వేరే మనిషే దొరకలేదా?" అన్నారు మొన్న కూడా.

"ఆయ్, మన సంఘంలో అలా కూచున్నోణ్ణి ఒక్కణ్ణి చూపించండి. వచ్చే ఆదివారం అతని గురించే చెబుతాను," అన్నాను.