మడత పడ్డ అంచు

ఆసుపత్రి ల్యాబులో మైనం పని చేసే ఆమెను అందరూ మైనపక్క అనేవారు. ఆమె సాధించిన మొదటి గెలుపు పదకొండు రేకుల పట్టీ. రోగి ఒంట్లోంచి తీసి మైనంలో పొదిగిన కండముక్కను యంత్రం కత్తికి ఆనించి చక్రం తిప్పితే, వెంట్రుక మందంలో పదిహేనో వంతు రేకులు ఒకదాని వెనక ఒకటి తెగకుండా రావాలి. పదో తరగతితో చదువు ఆపేసి సీసాలు కడిగే పనికి చేరిన మనిషికి అది చేతకాదన్నారు. నలభై మూడు రోజులు రేకులు నుసి అయ్యాయి, చుట్టలు చుట్టుకున్నాయి, ఊపిరి తగిలి ఎగిరిపోయాయి. నలభై నాలుగో రోజున పదకొండు వచ్చాయి. అప్పటి పెద్ద డాక్టరు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి చూసి, "ఇక సీసాలు ఇంకెవరైనా కడుగుతార్లే" అన్నాడు.

ఆ తర్వాత ముప్పై ఒక్క ఏళ్లలో రెండు లక్షలకు పైగా మైనం దిమ్మెలు కోసింది. ఒక్క రోగి నంబరు తారుమారు కాలేదు. ఆవగింజంత ముక్క పోయిందని అందరూ చేతులెత్తేసిన రోజున, మైనం డబ్బా అడుగు గీకి మరీ తీసిచ్చింది. పదహారు మందికి పని నేర్పింది. అన్నిటికన్నా గొప్పది ఆమె కన్ను. గాజుపలక మీద రేకు మడత పడితే అక్కడ కణాలు ఒకదాని మీద ఒకటి పడి నల్లగా కమ్ముకుంటాయి. కొత్త డాక్టర్లు దాన్ని చూసి జబ్బనుకుని బెదిరిపోతే, "మడతండీ అది, మనిషిని చంపెయ్యకండి" అని నవ్వేది.

గది నేలమాళిగలో ఉంది. కిటికీ లేదు. కరిగే మైనం వాసన, రేకుల్ని తేల్చే వేడినీళ్ల తొట్టి, చక్రం చప్పుడు. చాలా రోజులు ఆమె నోరు విప్పేది లిఫ్టు దగ్గరే, "కిందికేనా?" అని అడగడానికి.

కణం సంగతి ఆమెకు చెప్పింది పెద్ద డాక్టరే. కణం రెండుగా చీలే ముందు తనలోని రాతంతా నకలు తీసుకుంటుంది. ఆ రాత ఉండే పోగులు, అంటే క్రోమోజోములు, జతలు జతలుగా నడిమి గీత మీద నిలబడతాయి. రెండు కొసల నుంచి సన్నటి దారాలు లాగితే సగం ఇటూ సగం అటూ పోతాయి. దారి పొడవునా కాపలా ఉంటుంది. నకలులో తప్పుంటే దిద్దేదాకా ఆపుతుంది. దిద్దడం కుదరకపోతే ఆ కణం తనంతట తానే రాలిపోతుంది. కాపలా చెడిన కణం మాత్రం ఆగదు, తప్పుల నకలుతోనే చీలుతుంది. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ. ఒక్కోసారి మూడు వైపులా లాక్కుంటుంది. దాని పిల్లలకూ అదే బుద్ధి. పెరిగి పెరిగి గడ్డ అవుతుంది. అదే కేన్సర్.

మైనపక్కకు ఇది చప్పున బుర్రకెక్కింది. చిన్నప్పుడు తమ్ముడూ తనూ చెరో కొసా పట్టుకుని దుప్పటి మడతపెట్టేవాళ్లు. సరిగ్గా సగానికి సగం వచ్చేది. ఇప్పుడు ఇంట్లో రెండో కొస పట్టేవాళ్లు లేరు. ఒక కొస గడ్డం కింద నొక్కిపెట్టి మడుస్తుంది. ఎప్పుడూ వంకరే.

జనవరిలో ఆమె ఎడమ రొమ్ములో గోళీకాయంత గడ్డ చేతికి తగిలింది. పై అంతస్తులో కోసి తీసేశారు. వేరే ఊళ్లో ఉన్న తమ్ముడితో ఫోన్లో, "కాళ్ల నొప్పులురా, మూడ్రోజులు సెలవు పెట్టా" అంది.

"నువ్వు సెలవా? ఆసుపత్రి మూసేశారా ఏంటే?" అని అతను నవ్వాడు. ఆమె కూడా నవ్వి పెట్టేసింది.

నాలుగో రోజున, కుట్లయినా విప్పించుకోకుండా పనిలోకి వచ్చింది. పళ్లెంలో తన నంబరు దిమ్మె ఉంది. అది ఎవరిదో తెలియని పక్కగది టెక్నీషియన్ తాను కోస్తానన్నాడు. అతని చెయ్యి బరువు. "ఉండనీ, నేను చూసుకుంటా" అంది.

తీసిన గడ్డ పైపొరకు నల్లసిరా పూస్తారు. చెడ్డ కణాలు సిరాను తాకితే ఒంట్లో ఇంకా మిగిలే ఉండొచ్చు. తాకకపోతే చుట్టూ మంచి కండతో సహా గడ్డంతా వచ్చేసినట్టు. ఆమె కోసింది, రంగు వేసింది, పాత సూక్ష్మదర్శినికి కన్ను ఆనించింది. సిరా పక్కనే నల్లటి గుంపు కమ్ముకుని ఉంది.

జబ్బు అంచు దాకా వచ్చేసిందనుకుంది.

పలకలు చూసి రిపోర్టు రాసే డాక్టరమ్మ రెండు రోజులు ఊళ్లో లేదు. ఆ రెండు రోజులూ మైనపక్క ఎవరికీ చెప్పలేదు. పూలకుండీలు పక్కింటావిడకు ఇచ్చేసింది. కత్తి ఎలా తుడవాలో, తొట్టి నీళ్లు ఎంత వేడుండాలో కాగితం మీద రాసి గోడకు అంటించింది. ఫోన్ తీసి తమ్ముడి నంబరు దాకా వెళ్లి పక్కన పెట్టేసింది.

మూడో రోజున డాక్టరమ్మ వచ్చింది. ఆ గదిలో పెద్ద డాక్టరు పెట్టిన కట్టుబాటు ఒకటుంది: ముందు గాజు, తర్వాత కాగితం. పేరు చూస్తే కన్ను మొగ్గుతుందని ఆయన అనేవాడు. డాక్టరమ్మ కాగితం బోర్లించి పలక చూసింది.

"అక్కా, ఇది నీ చెయ్యేనా? మడత పడిందేంటి?"

"మడత కాదమ్మా. అంచుకి వచ్చేసింది."

"ఎవరు, ఈ మాటనేది నువ్వేనా?" డాక్టరమ్మ నవ్వింది. "మొదటిరోజే నా చెవి మెలేసి నేర్పావు కదే! చూడు, రేకు మీద రేకు ఎక్కింది. ఇంకోటి కొయ్యి."

మైనపక్క కోసింది. మోచెయ్యి బల్లకు ఆనించి కోసింది. కొత్త పలక మీద సిరా పక్కన తెల్లటి కొవ్వు, దాని వెనక మంచి కండ.

"అంచు శుభ్రం. కానీ లోపల మాత్రం జోరుగా చీలుతున్నాయి. ఇదిగో, మూడు వైపులా లాక్కునేది కూడా ఉంది. కీమో తప్పదు పాపం, ఎవరో గానీ" అంటూ డాక్టరమ్మ కాగితం తిప్పింది.

ఆ గదిలో ఎవరూ ఎన్నడూ పిలవని పేరు అందులో ఉంది. హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడని పేరు.

డాక్టరమ్మ కాగితం బల్ల మీద పెట్టి, స్టూలు ఆమె దగ్గరికి లాక్కుంది.

"రెండు రోజులు ఒక్కదానివే మోశావా?"

"మోసింది మడతేగా" అంది మైనపక్క. నవ్వబోయింది గానీ రాలేదు.

"తమ్ముడికి చెప్పావా?"

"కాళ్ల నొప్పులని చెప్పా."

"ఇప్పుడు చెయ్యి. నా ముందే."

చేసింది. అవతల తమ్ముడు మొత్తం విన్నాడు. "ఊళ్లోవాళ్లందరివీ కోసి చూస్తావు. నీ సంగతి మాత్రం నాకు కూడా చెప్పవన్నమాట" అన్నాడు. తర్వాత గొంతు మార్చి, "తలుపుకి ఇంకో తాళంచెవి చేయించు. ఆదివారం వస్తున్నా" అన్నాడు.

ఆరు విడతల మందు, ఆపైన కొన్ని వారాలు రేడియేషన్. సెలవు కాగితంలో మళ్ళీ చేరే తేదీ గడి దగ్గర ఆమె కలం ఆగింది. డాక్టరమ్మ గోడ క్యాలెండరు మీద వారాలు లెక్కపెట్టి చెప్పింది. మైనపక్క రాసింది. యంత్రానికి గుడ్డ కప్పి, ఇంకో కాగితం మీద పెద్దక్షరాలతో రాసి దాని మీద అంటించింది: "నా కత్తి ముట్టుకోకండి. జులై పద్నాలుగు, సోమవారం వస్తున్నాను."