తొమ్మిది మీటర్ల వాలు

కోనసీమ నేల కింద లేని చమురును నేను కనిపెట్టాను. ఉన్న చమురును కనిపెట్టినవాళ్లకు శాలువాలు కప్పుతారు. నాకేం జరిగిందో చెబుతాను, నవ్వండి, కాస్త మెల్లగా నవ్వండి.

ఉద్యోగంలో చేరి అప్పటికి పది నెలలు, ఇంకా పర్మనెంట్ కాలేదు. అమలాపురం ఆఫీసులో పాత చమురు బావుల రికార్డులు చూసి, కొత్త బావి ఎక్కడ తవ్వాలో మ్యాపు గీయడం నా పని. సరైన చోటు చూపిస్తే ఉద్యోగం ఖాయమని మేనేజరుగారు అన్నారు.

రాతి పొరల్లో చమురు నీటి మీద తేలుతుంది. ఆ రెండూ కలిసే మట్టం మామూలుగా సమంగా ఉంటుంది. కింద నీరు పారుతుంటే మాత్రం అది ఒక పక్కకు వాలుతుంది. అప్పుడు చమురు జరిగి, ఎవరూ వెతకని చోట దాక్కుంటుంది. నా మ్యాపులో ఆ మట్టం వాలింది! అంబాజీపేట వైపు బావుల కంటే అల్లవరం వైపు బావుల్లో తొమ్మిది మీటర్లు కిందికుంది. ఇంకేం, నీరు సముద్రం వైపు పారుతోంది, కొబ్బరితోటల కింద చమురు నా కోసమే కాచుక్కూచుంది!

ఆ క్షణం నుంచి నాకు లోకమంతా దొంగల్లా కనిపించింది. మ్యాపును చుట్టి గొట్టంలో దాచి, పెసరట్టు తినడానికి వెళ్లినా చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకునేదాన్ని.

అందరికంటే పెద్ద అనుమానం వీర్రాజుగారి మీద. బావులు తవ్వే రిగ్గుల మీద ముప్పయ్యేళ్లు పనిచేసి, ఇప్పుడు రికార్డుల గది చూస్తున్న ఫోర్‌మన్ ఆయన. జేబులో ఎప్పుడూ ఒక మడత కాగితం.

"మేడమ్‌గారండీ, అల్లవరం బావుల లోతులు ఎక్కణ్ణుంచి కొలిచేరో చూసేరాండీ?"

కూపీ లాగుతున్నాడన్నమాట!

"పైనుంచేనండీ. కిందనుంచి కొలుస్తారా ఎవరైనా?"

"ఆయ్, పైనంటే ఎక్కణ్ణుంచండీ?" అంటూ జేబులో చెయ్యి పెట్టారు.

నా మ్యాపు నకలు గీసుకోవడానికే! "పనుందండీ" అని గొట్టం పట్టుకుని పరుగు. వారం రోజుల్లో నాలుగుసార్లు అడిగారు, నాలుగుసార్లూ పరిగెత్తాను.

మీటింగు రోజు వచ్చింది. మ్యాపు గోడకు తగిలించి అరగంట దంచేశాను. మేనేజరుగారు కళ్లజోడు సవరించుకున్నారు.

"బాగుందమ్మా. అల్లవరం బావుల లోతులు ఎక్కణ్ణుంచి కొలిచినవి?"

ఓహో, ఈయన కూడా వీర్రాజుగారితో కుమ్మక్కయ్యారు!

వెనక వరసలోంచి వీర్రాజుగారు లేచి, ఆ కాగితం మడత విప్పారు.

"అంబాజీపేట బావులవి సముద్రమట్టం నుంచి సరిచేసిన లోతులండీ. అల్లవరం బావులవి మాత్రం తవ్వేటప్పుడు కట్టిన రిగ్గు అరుగు మీంచి కొలిచినవి కొలిచినట్టే ఉండిపోయేయండీ."

"అరుగు ఎత్తెంత?"

"సముద్రమట్టానికి తొమ్మిది మీటర్లు పైనండీ."

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. అల్లవరం లోతుల్లోంచి తొమ్మిది తీసేస్తే నా మట్టం సమంగా పడుకుంది. నీరు పారలేదు, చమురు జరగలేదు.

"అయితే అమ్మాయి కనిపెట్టింది చమురును కాదయ్యా, మనం ఎప్పుడో విప్పి పట్టుకుపోయిన అరుగును" అన్నారు మేనేజరుగారు.

"ఈ కాగితం ఇద్దామని వారం నుంచీ తిరుగుతున్నానండీ" అన్నారు వీర్రాజుగారు, నొచ్చుకుంటూ. "మేడమ్‌గారు గొట్టం పట్టుకుని పారిపోతున్నారండీ."

పర్మనెంట్ ఆరు నెలలు వాయిదా పడింది. ఆ ఆరు నెలలూ రికార్డుల గదిలో, వీర్రాజుగారి కిందే. మొదటి రోజే క్షమాపణ చెప్పుకుంటే "ఆయ్, పర్లేదండీ" అని ఆయనే టీ తెప్పించారు.

ఆనాడే పాత ఫైళ్ల సాక్షిగా, దుమ్ముకు తుమ్ముతూ ప్రమాణం చేశాను. ఇకపై మనుషులను అనుమానించను, కొలతలను మాత్రమే అనుమానిస్తాను. ఈ రోజు వరకూ మాట తప్పలేదు. నిన్న జాకెట్టు కుట్టించుకోవడానికి వెళ్తే టైలరు చేతి పొడవు పదకొండు అన్నాడు. "ఎక్కణ్ణుంచి కొలిచేరండీ?" అన్నాను.

అతను నన్ను ఎగాదిగా చూసి, టేపు జేబులో దాచేసుకున్నాడు.